సగం శాలువ – ఒక జర్మను మాట కథ

జర్మను భాషకు ఒక అలవాటున్నది. రెండు మూడు మాటలను తెచ్చి, నడుమ వెంట్రుకవాసి చోటయినా విడువకుండా అతికి, ఒకే మాటగా చేసి వాడుకొంటుంది. మొదటిసారి చూచినవారు బెదరుతారు. మనవారు బెదరనక్కరలేదు. సమాసాలు మన ఇంటి సరుకు. 'రాజభటుడు' అనగానే 'రాజు యొక్క భటుడు, షష్ఠీ తత్పురుషము' అని బడిలో గొంతెత్తి అప్పజెప్పినవాళ్లమే గదా మనమంతా! ఆ ధైర్యంతోనే ఈ నెల 'కపెల్‌మైస్టర్' అనే మాటను విప్పి చూద్దామని కూర్చున్నాము.

మేము సంగీత పండితులము కాము. పగలంతా ఫైళ్లకు నంబర్లు వేసుకొనే గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషను దగ్గర ఆగినది. అయితే ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుకొంటూ తరాలుగా బ్రతుకుతున్నవాళ్లం కనుక, ఏ మాట ఏ ఇంట పుట్టి ఏ ఇంట కాపురం చేస్తున్నదో విచారించడం మాకొక సరదా. పాశ్చాత్య సంగీతపు రికార్డుల అట్టల మీద బాఖ్, హైడన్ వంటి మహానుభావుల పేర్ల చుట్టుప్రక్కల ఈ 'కపెల్‌మైస్టర్' అనే మాట తరచు కనిపిస్తుంది. రాజుగారి సంగీత బృందానికి పెద్ద అని అర్థం. మన 'ఆస్థాన విద్వాంసుడు' దీనికి దగ్గర చుట్టం. కాని ఆ మాట కడుపులో ఉన్నది సంగీతమూ కాదు, రాజూ కాదు. ఒక చింపిన బట్ట.

ముందు తోకను పట్టుకొందాము. 'మైస్టర్' అనేది లాటిను భాషలోని 'మజిస్టర్' నుంచి వచ్చినది. 'మజిస్' అంటే 'ఎక్కువ'. ఎక్కువవాడు, పైవాడు అని భావం. ఇదే మాట ఇంగ్లీషులో 'మాస్టర్' అయి మన బడిలోకి వచ్చి 'మాస్టారు' అయినది. పోర్చుగీసులో 'మెస్త్రె' అయి ఓడ దిగి 'మేస్త్రి' అయినది. తెలుగువారికీ, కన్నడిగులకూ, తమిళులకూ అందరికీ మేస్త్రి మేస్త్రియే. కాబట్టి మన ఇంటి గోడ లేపే తాపీ మేస్త్రీ, మన పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారూ, యూరపు రాజుల కొలువులో వాద్యబృందాన్ని నడిపిన ఆ పెద్దమనుష్యులూ దగ్గర దాయాదులు.

ఇక్కడ ఇంకొక తమాషా చెప్పకుండా ఉండలేము. 'మజిస్టర్' ఎక్కువవాడైతే, తక్కువవాడికీ లాటినులో ఒక మాట ఉన్నది. 'మినుస్' అంటే 'తక్కువ', దానినుంచి 'మినిస్టర్'. అసలర్థం సేవకుడు. నేటి మినిస్టర్లు ఆ సేవకుడి సంతానమే. మంత్రిగారి పేషీకి కాగితం పంపేటప్పుడు ఈ సంగతి జ్ఞాపకం వస్తే మాకు లోపల్లోపల నవ్వు వస్తుంది. ఆ సేవకుడి మాటే ఫ్రెంచి దారిని తిరిగి ఇంగ్లీషులో 'మిన్‌స్ట్రెల్' కూడా అయినది. ఊరూరా తిరిగి పాడుకొనే గాయకుడన్న మాట. అంటే ఒక సంగీతకారుడికి 'తక్కువవాడు' నుంచి పేరు వచ్చినది, మరొకడికి 'ఎక్కువవాడు' నుంచి వచ్చినది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే సంగీతం.

ఇక తలకాయ, 'కపెల్'. దీనికోసం క్రీస్తు శకం నాలుగవ శతాబ్దానికి పోవాలి. నేటి హంగరీ పడమటి దిక్కున సోంబట్‌హేయ్ అనే పట్టణమున్నది. రోమనుల కాలంలో దాని పేరు సబారియా. మార్టిన్ అనే అతడు అక్కడ పుట్టి, తండ్రివలెనే రోమను సైన్యంలో గుర్రపు రౌతుగా చేరినాడు. ఫ్రాన్సులోని ఆమియాఁ అనే ఊళ్లో ఉండగా గడ్డకట్టే చలికాలం వచ్చినది. కోటవాకిలి దగ్గర ఒంటిమీద గుడ్డలేని బిచ్చగాడొకడు వచ్చేపోయేవాళ్లను అడుగుతున్నాడు. ఎవరూ ఆగలేదు. మార్టిన్ దగ్గర ఇవ్వడానికి పైబట్ట తప్ప ఏమీ మిగలలేదు. కత్తి దూసి ఆ బట్టను రెండుగా కోసి, ఒక సగం బిచ్చగాడికి ఇచ్చి, రెండవ సగం తాను కప్పుకొన్నాడు. చూచినవారిలో కొందరు ఆ చింపిరి వేషానికి నవ్వినారట. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం బట్ట కప్పుకొని కనబడినాడని కథ. మార్టిన్‌ను ఎరిగిన సుల్పీసియస్ సెవెరస్ అనే ఆయన వ్రాసిపెట్టినందున ఇది మనదాకా వచ్చినది. మార్టిన్ తరువాత తూర్ పట్టణానికి బిషప్పు అయి, 397లో కాలం చేసినాడు.

ఆ తరువాత ఫ్రాంకుల రాజులు మార్టిన్‌ది అని ఒక బట్టను మహా పవిత్ర వస్తువుగా దాచుకొన్నారు. దానిమీద చేయివేసి ప్రమాణాలు చేయించేవారు. యుద్ధానికి పోతే వెంట తీసుకొనిపోయేవారు. పైబట్టను లాటినులో 'కాప్పా' అంటారు. చిన్న పైబట్ట 'కప్పెల్లా'. దానిని కాపాడే పూజారులు 'కప్పెల్లాని'. ఇంగ్లీషులో 'చాప్లెయిన్' అనే మాట వారిదే. ఆ బట్ట ఉంచిన గది కూడా 'కప్పెల్లా' అయినది. ఆనక రాజుల ప్రార్థన మందిరాలన్నిటికీ ఆ పేరే పడినది. అదే ఇంగ్లీషులో 'చాపెల్'. బట్ట పేరు గదికి వచ్చినది. గదిలో పాడేవాళ్లకూ అదే పేరు. రాజులు ఆ పాటగాళ్ల ప్రక్కన వాద్యగాళ్లను కూర్చోబెట్టగా వారికీ అదే. చివరకు పూజతో ఏ సంబంధమూ లేని రాజసభ వాద్యబృందం కూడా 'కపెల్' అయి కూర్చున్నది. జర్మనీలో నేటికీ సంతలోనూ పండుగలోనూ కొమ్ములూదే బృందాన్ని 'బ్లాస్‌కపెల్' అంటారు. అక్కడ సారా ముంతలే గాని సన్యాసి ఎవడూ ఉండడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 'కాప్పా' వినగానే మన 'కప్పు', 'కప్పుకొను' జ్ఞాపకం వచ్చి, 'చూచితిరా, మన తెలుగే అక్కడికి పోయినది' అని మీసం దువ్వడానికి బుద్ధి పుడుతుంది. మాకూ పుట్టినది. కాని మన 'కప్పు' ద్రావిడ భాషల సొంత ఆస్తి. వారి 'కాప్పా' వారిది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదు. అయినా విద్వాంసుడికి శాలువ కప్పే దేశంలో ఉన్న మనకు, సంగీతకారుడి బిరుదులో ఒక శాలువ దాగి ఉన్నదంటే వింతగా తోచదు.

గది పేరు పాటకు రావడం మాత్రం మనకూ తెలిసిన ముచ్చటే. మేము ప్రతి ఉదయమూ కచేరికి పోతాము. శ్రీరామనవమి దినాలలో సాయంత్రం మళ్లీ కచేరికి పోతాము. మొదటిది సర్కారు కచేరి, రెండవది పాట కచేరి. రెండూ ఒకే మాట. దర్బారు, న్యాయస్థానం, సర్కారు కార్యాలయం అని దాని మొదటి అర్థం. కొలువుతీరిన చోట పాట సాగగా, చోటు పేరు పాటకు అంటుకొన్నది. తాలూకా కచేరిలో తాళం ఎవరూ వేయరు గాని, మాటకు ఆ పట్టింపు లేదు.

సరే, సమాసం కుదిరినది. కపెల్ యొక్క మైస్టర్, షష్ఠీ తత్పురుషము. ఇటలీ వారు అప్పటికే 'మయెస్త్రో ది కప్పెల్లా' అంటున్నారు. జర్మనులు దానినే తమ పద్ధతిలో అతికినారు. ఈ బిరుదు విలువ తెలియాలంటే దానికి ముందు ఆ దేశంలో సంగీతకారుడి గతి ఎట్లున్నదో చూడాలి. వాడిని 'ష్పీల్‌మన్' అనేవారు. 'ష్పీల్' అంటే ఆట, వాయింపు; 'మన్' అంటే మనిషి. 1220–1235 మధ్య ఐకె ఫన్ రెప్‌గౌ అనే ఆయన వ్రాసిన 'జాక్సన్‌ష్పీగెల్' అనే ధర్మశాస్త్రమున్నది. ఎవరికి అన్యాయం జరిగితే ఎంత పరిహారమో అందులో లెక్కలున్నాయి. ష్పీల్‌మన్‌కు ఏమిచ్చినారు? ఒక మనిషి నీడ! తనకు అపకారం చేసినవాడి నీడను పుచ్చుకొని ఇంటికి పోవచ్చునన్న మాట. పెళ్లిలో వాయించడానికి వాడు కావాలి, న్యాయం దగ్గరికి వస్తే వాడికి నీడ చాలు. ఈ ముక్క చదివిన దినం మాకు అన్నం సరిగా పోలేదు. మేళం లేనిది మంగళసూత్రం కట్టని మనం, ఆ మేళగాళ్లకు ఏ బంతిలో వడ్డించేవాళ్లమో కొంచెం తలచుకొంటే మంచిది.

కనుక 'మైస్టర్' అనిపించుకోవడం చిన్న సంగతి కాదు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ దీనికోసం పడిన పాట్లు మా బోటివారు చదువదగినవి. ఆయన 1708 నుంచి వైమార్ డ్యూకు కొలువులో ఉన్నాడు. 1716 డిసెంబరులో అక్కడి ముసలి కపెల్‌మైస్టర్ పోయినాడు. ఆ స్థానం తనకు వస్తుందని బాఖ్ ఆశపడినట్లున్నది. పోయినవాడి కొడుకుకు ఇచ్చినారు. బాఖ్ ఊరుకోక, 1717లో క్యోటెన్ సంస్థానాధిపతి లియోపోల్డు దగ్గర కపెల్‌మైస్టర్ పని కుదుర్చుకొన్నాడు. జీతం సాలుకు 400 టాలర్లు. కాని వైమార్ డ్యూకు రాజీనామా ఒప్పుకోలేదు. బాఖ్ పట్టుబట్టినాడు. డ్యూకు ఆయనను నవంబరు 6న ఖైదులో వేయించి, డిసెంబరు 2న 'అనుగ్రహం తప్పినవాడు' అనే మాటతో కొలువు నుంచి పంపివేసినాడు. ఇంగ్లీషు 'ఎస్కేప్' కూడా ఆ 'కాప్పా' సంతానమే. పట్టుకొన్నవాడి చేతిలో పైబట్ట విడిచి జారుకోవడం. బాఖ్ జారుకోలేదు, నాలుగు వారాలు లోపల కూర్చొని దర్జాగా బయటికి వచ్చినాడు. ప్రమోషను తప్పినవాళ్లం లోకంలో చాలామందిమి ఉన్నాము. అందుకు జైలుకు పోయినవాడు మాకు తెలిసి ఈయనొక్కడే.

1723లో ఆయన లైప్‌జిగ్ నగరానికి 'కాంటర్'గా పోయినాడు. చర్చి పాటలు చూచుకొంటూ బడి పిల్లలకు నేర్పే ఉద్యోగం. కపెల్‌మైస్టర్‌గా ఉన్నవాడు కాంటర్ కావడం తనకు మొదట తగినదిగా తోచలేదని 1730లో పాత మిత్రుడొకరికి జాబు వ్రాసుకొన్నాడు. అంతటివాడికీ హోదా పట్టింపు ఉండెనన్న మాట. క్యోటెన్ బిరుదును ఆ ప్రభువు 1728లో పోయేవరకు పేరు ప్రక్కన అట్లే ఉంచుకొన్నాడు.

ఇంత కోరుకొన్న పదవి లోపల ఎట్లుండేదో చూడాలంటే యోసెఫ్ హైడన్ ఒప్పందం చదవాలి. 1761 మే 1న ఆయన ఎస్టర్‌హాజీ ప్రభువుల దగ్గర ఉప కపెల్‌మైస్టర్‌గా చేరినాడు. జీతం సాలుకు 400 గుల్డెన్లు. షరతులు పద్నాలుగు. యూనిఫారం వేసుకొనవలెను, తెల్లని మేజోళ్లు, తెల్లని చొక్కా ధరించి, తలకు పౌడరు చల్లి, జుట్టు జడగానో సంచిలోనో కట్టుకొనవలెను. మధ్యాహ్నానికి ముందొకసారి, తరువాతొకసారి ముందు గదిలో నిలబడి, ఈ వేళ సంగీతమున్నదా లేదా అని ప్రభువు ఆజ్ఞ తెలుసుకొనవలెను. ప్రభువు కోరిన సంగీతం కట్టవలెను; దాని నకలు ఇతరులకు ఇవ్వరాదు. వాద్యగాళ్లలో తగాదాలు వస్తే తీర్చవలెను. 'ఎక్కువవాడు' అనే బిరుదుతో ముందు గదిలో నిలబడినవాడు చేసినది 'మినిస్టర్' పని కాక మరేమిటి? శాలువ పోయి డవాలా వచ్చినది.

అయితే హైడన్ ఆ డవాలాలోనే ఉండి ఒక గొప్ప పని చేసినాడు. 1766లో ఆయన పూర్తి కపెల్‌మైస్టర్ అయినాడు. ప్రభువు నికొలౌస్ హంగరీ పడమటి దిక్కున, మన మార్టిన్ పుట్టిన సీమలోనే, ఎస్టర్‌హాజా అనే కొత్త మేడ కట్టించుకొని వేసవి అంతా అక్కడే గడిపేవాడు. వాద్యగాళ్లు వెంట ఉండవలసినదే. వారిలో కొద్దిమందికి తప్ప మిగిలినవారికి భార్యాబిడ్డలను తెచ్చుకోవడానికి అనుమతి లేదు. 1772లో ప్రభువు ఎన్నాళ్లకూ ప్రయాణం మాట ఎత్తలేదు. వాద్యగాళ్లు వచ్చి కపెల్‌మైస్టర్‌తో మొరపెట్టుకొన్నారు. హైడన్ అర్జీ వ్రాయలేదు. ఒక సింఫొనీ వ్రాసినాడు. ఆయన సింఫొనీలలో అది 45వది. ఉధృతంగా సాగుతున్న చివరి భాగం మధ్యలో ఆగి, నెమ్మదిగా మరొక పాట మొదలవుతుంది. ఒక్కొక్క వాద్యగాడు తన వంతు ముగించి, తన ఎదుటి కొవ్వొత్తిని ఆర్పి, వాద్యం చంకన పెట్టుకొని లేచిపోతాడు. దీపాలు ఒకటొకటిగా ఆరిపోతాయి. చివరకు రెండు వయొలిన్లు మాత్రం సన్నగా పలికి ఆగిపోతాయి. ప్రభువుకు అర్థమైనది. మరునాడే ప్రయాణానికి ఆజ్ఞ అయినదని చెబుతారు. సెలవు చీటీ ఇంత అందంగా వ్రాసిన అధికారిని మేము వినలేదు. నోరు తెరిచి ఒక్కమాట అనలేదు, మర్యాద తప్పలేదు, తన కోసం అడగలేదు.

తన కింది వారికోసం అడిగిన కపెల్‌మైస్టర్ అంతకు 120 ఏండ్ల క్రిందట ఇంకొకడున్నాడు. ఆయన కథ హైడన్ కథవలె నవ్వుతూ చెప్పేది కాదు. హైన్‌రిఖ్ ష్యూట్స్, పుట్టినది 1585లో. వెనిసు పోయి జోవాన్ని గాబ్రియేలి దగ్గర విద్య నేర్చి, డ్రెస్డెన్‌లో సాక్సనీ ఎలెక్టరు కొలువులో కపెల్‌మైస్టర్ అయినాడు. ఆ కపెల్ 1548లో స్థాపించినది. నేటికీ డ్రెస్డెన్‌లో 'ష్టాట్స్‌కపెల్' అనే పేరుతో వాయిస్తున్నది. ష్యూట్స్ కాలంలో జర్మనీని ముప్పది యేండ్ల యుద్ధం పట్టుకొన్నది. 1618 నుంచి 1648 వరకు ఊళ్లూ పొలాలూ నాశనమయినవి. ఖజానాలో సొమ్ము లేదు. పాటగాళ్లకు జీతాలు నిలిచిపోయినవి, యుద్ధం ఆగిన తరువాత కూడా రాలేదు.

ష్యూట్స్ విజ్ఞప్తి మీద విజ్ఞప్తి వ్రాసినాడు. తన సొంత సొమ్ము పంచిపెట్టినాడు. 1652లో వ్రాసిన జాబులో ఒక మంద్రస్థాయి గాయకుడి సంగతి ఉన్నది. మంచి గొంతు. ఉండేది పందుల దొడ్డివంటి కొంపలో. పరుపు లేదు, గడ్డిమీద పడుకొంటున్నాడు. ఒంటిమీది కోటూ, పైబట్టా కుదువ పెట్టుకొన్నాడు. భార్య ష్యూట్స్ దగ్గరికి వచ్చి కన్నీళ్లు పెట్టుకొన్నది. అటువంటి గాయకుణ్ణి పోగొట్టుకోవద్దని కపెల్‌మైస్టర్ ప్రభువును ప్రాధేయపడినాడు.

ఈ జాబు సంగతి తెలిసిన తరువాతనే మేము ఈ వ్యాసం వ్రాయాలని అనుకొన్నాము. పైబట్టలోనుంచి పుట్టిన పేరుగల బృందంలో పాడేవాడికి పైబట్ట లేకపోయినది. మాట మాత్రం వెయ్యేండ్లు నడిచి, రాజసభలెక్కి, గదై, పాటై, బిరుదై కూర్చున్నది. దాని మొదటి అర్థాన్ని ఆ దర్బారులో మోసినవాడు ఒక ముసలి సంగీతకారుడు. ఆయన చేతిలో కత్తి లేదు, కోయడానికి ఎక్కువ బట్టా మిగలలేదు, కలముండినది. మాకు మజిస్టర్ అంటే అటువంటి వాడు అనిపిస్తుంది. ఎక్కువ జీతమున్నవాడు ఎక్కువవాడా, కిందివాడి చలి ఎక్కువగా తెలిసినవాడు ఎక్కువవాడా అని మా కచేరిలో మధ్యాహ్నం కాఫీ వేళ ఒకసారి వాదన పెట్టినాము. హెడ్డు గుమాస్తాగారు కాఫీ ముగించి లేచిపోయినారు గాని తేల్చలేదు.

ష్యూట్స్ తన కోసం అడిగినది ఒక్కటే, పింఛను. 1651 జనవరిలో, అరవై అయిదేండ్ల వయసులో, తన చరిత్ర అంతా పొడవుగా వ్రాసి, ఇక విశ్రాంతి ఇప్పించమని ఎలెక్టరుకు దరఖాస్తు పెట్టినాడు. జవాబు లేదు. మళ్లీ పెట్టినాడు. ఈ స్థితిలో ఉండడంకన్నా ఏదో చిన్న ఊళ్లో కాంటర్‌గానో, ఆర్గను వాయించేవాడుగానో ఉండడం మేలని కూడా వ్రాసినాడు. బాఖ్ తరువాతి కాలంలో చిన్నతనంగా తలచిన ఆ కాంటర్ పనే ఈయనకు స్వర్గంగా కనబడినది. 1656లో ఆ ఎలెక్టరు మరణించి కొడుకు గద్దె ఎక్కిన తరువాతనే ఆయనకు విడుదల దొరికినది. బిరుదు ఉండనిచ్చి, పింఛను ఏర్పాటు చేసినారు.

అప్పుడాయన వైసెన్‌ఫెల్స్ అనే ఊళ్లో ఇల్లు చూచుకొని, మళ్లీ పని మొదలుపెట్టినాడు. క్రీస్తు జననగాథకు సంగీతం కట్టినాడు. ఎనభై యేండ్ల వయసులో, 1665–66లో, క్రీస్తు చివరి దినాల కథను మూడు సువార్తల ప్రకారం మూడు వేరు వేరు రచనలుగా చేసినాడు. వాద్యం ఒక్కటీ లేకుండా, ఉత్త కంఠాలకే. దానినే 'ఆ కప్పెల్లా' పద్ధతి అంటారు. 1671లో బైబిలులోని 119వ కీర్తన తీసుకొని, అది అన్నిటికన్నా పొడవైన కీర్తన, మొత్తానికీ బాణీ కట్టి ముగించినాడు. మరుసటి సంవత్సరం నవంబరు 6న, ఎనభై ఏడేండ్ల వయసులో, డ్రెస్డెన్‌లో కన్నుమూసినాడు.